హమూర్ల పురిటిచోటు వెతికిన బాబాయిగారు

శుక్రవారం పొద్దున కాకినాడ నుంచి పిన్నిగారు ఫోన్ చేశారు. "మీ బాబాయిగారు వెళ్ళిపోయారే అమ్మాయ్. కాఫీ తాగి పేపర్ అడిగారు. నేను తెచ్చేలోగా అంతా అయిపోయింది" అన్నారు. ఫోన్ పెట్టేశాక బాగా ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాను కూడా. ఆయన్ని తలుచుకుంటే నాకెప్పుడూ అంతే.

మీకు ఆయన తెలియదు. దోహాలో మా పక్క వాటాలో ఉండేవారు. చుట్టరికం ఏమీ లేదు. బాబాయిగారూ, పిన్నిగారూ అని పిలవగా పిలవగా వాళ్ళే మా వాళ్ళయిపోయారు. ఆయిల్ ధర పైపైకి పోతున్న రోజులవి, ఊళ్ళో ఏ సందులో చూసినా క్రేన్లే. నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే జీతాలు, ప్రమోషన్లు, కొత్త కార్లు. ఈయన మాత్రం చేపలు ఎటు వెళ్తున్నాయోనని బెంగపెట్టుకునేవారు.

చేపల శాఖలో ఆయన ఉద్యోగం. హమూర్ అని, ఒంటి నిండా నారింజ మచ్చలుండే పెద్ద చేప. ఆ దేశంలో అది లేని విందు ఉండదు. గుడ్లు పెట్టే రోజులు రాగానే అవి ఎక్కడెక్కడి నుంచో ఈదుకుంటూ ఒక చోట చేరతాయట. ఆ చోటు కనిపెట్టాలని ఆయన పంతం. బతికున్న హమూర్ని పట్టి, వీపుకి నంబరున్న పసుపుపచ్చ ప్లాస్టిక్ దారం గుచ్చి, మళ్ళీ సముద్రంలో వదిలేవారు. ఆ చేపను పట్టినవాళ్ళు దారం తెచ్చిచ్చి, ఫలానా చోట దొరికిందంటే చాలు, దాని ప్రయాణం తెలిసిపోతుంది.

ఇంతా చేసి ఆయన పుట్టి బుద్ధెరిగి చేప తిన్నవారు కాదు. మా ఇంట్లో పులుసు ఉడుకుతుంటే వరండాలోంచే "ఏ జాతి అమ్మాయ్?" అని అడిగేవారు. "చింతపండు జాతి బాబాయిగారూ" అనేదాన్ని. మా ఆయన డ్యూటీ నుంచి ఆలస్యంగా వస్తే "ఏ రాతి చాటున ఆగావోయ్?" అనేవారు. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ పిన్నిగారు ఆయన్ని పెరట్లోనే నిలబెట్టి నీళ్ళు పోసేవారు. "ముందు స్నానం, తరవాతే సంసారం" అనేది ఆవిడ శాసనం.

రెండేళ్ళు గడిచినా ఒక్క దారమూ తిరిగి రాలేదు. ఈ సీజన్‌లో కూడా జాడ దొరక్కపోతే పని ఆపేస్తామని పై ఆఫీసరు చెప్పేశాడు. దాంతో ఆయన వేళాకోళాలు ఆగిపోయాయి. "ఉద్యోగం పోతే పోనీ అమ్మాయ్. ఆ చోటు ఎక్కడో తెలియకుండానే ఎవరో ఒకరు తల్లులన్నిటినీ ఊడ్చేస్తే ఏం చేస్తాం?" అన్నారొకసారి.

అదే వారం మా ఆయన అబూ హమూర్ అనే పేటలోని చేపల మార్కెట్ నుంచి ఓ హమూర్ చేప తెచ్చారు. సింకులో కడుగుతుంటే వీపు రెక్క కింద పసుపుపచ్చ దారం! నేను పెట్టిన కేకకి బాబాయిగారు చెప్పులైనా లేకుండా నా నీచు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చేశారు. దారాన్ని అరచేతిలో పెట్టుకుని "ఎక్కడ కొన్నారు? పద, పద!" అన్నారు.

మార్కెట్లో ఆ చేపను శుభ్రం చేసిచ్చినవాణ్ణి మా ఆయన చూపించారు. వాడు నిజామాబాద్ వైపు మనిషి. దారం చూడగానే వాడి ముఖం పాలిపోయింది.

"నాకేం ఎర్క లేదమ్మా."

"ఎరుక లేకపోతే ముఖం ఎందుకయ్యా అలా పాలిపోయింది? ఈయన పోలీసు కాదు, చేపల చదువు చదివిన పెద్దమనిషి. చెప్పు!"

వాడు అటూ ఇటూ చూశాడు. "అమ్మా, నేను ముందుగాల షహానియాల ఒంటెల కాడ చేసిన. వాత ఉన్న ఒంటె తప్పిపోయొస్తే ముట్టుకోవద్దు, అది ఏ షేకుదో ఉంటది. నంబరున్న చేప గూడ గట్లనే గదా! పడవలోల్లు దారం కోసి నీళ్లల్ల పారేస్తరు. వాళ్ల కండ్ల వడనియి నేను కోస్త. ఇదొక్కటి తప్పిపోయింది. దొంగతనం కేసు వెడితే మా గతేంది?"

బాబాయిగారు పక్కనున్న ఐసు పెట్టె మీద కూలబడ్డారు. "అయ్యో, నా చేతులతో నేనే వాటికి షేకుని అంటగట్టానా!" అని తల పట్టుకున్నారు.

బతిమాలగా వాడే మమ్మల్ని రేవుకి తీసుకెళ్ళాడు. పడవ పెద్ద ఓ గుజరాతీ ముసలాయన. బాబాయిగారు హిందీలో ఎన్ని విధాల చెప్పినా ఆయన నమ్మలేదు. చివరికి పెద్ద పళ్ళెంలో అన్నం, దాని మీద హమూర్ ముక్కలు పెట్టించాడు. "చేప మీది కాదు, పట్టినవాళ్ళదే అంటున్నారుగా సాబ్. అయితే కూర్చోండి. మా పళ్ళెంలో తిన్నవాడు మా మీద కేసు పెట్టడు" అన్నాడు.

"ఆయన తినరు, నేను తింటాను" అని ముందుకొచ్చాను.

"దారం కట్టింది నువ్వా బేటీ?" అన్నాడు ముసలాయన.

బాబాయిగారు చొక్కా చేతులు పైకి మడిచి, వాళ్ళ మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. మింగారు. మళ్ళీ ఇంకొకటి తీసుకున్నారు. ముసలాయన చూసి చూసి, పళ్ళెం అంచున నాలుగు మెతుకులు పేర్చి, ఇది ఒడ్డు, ఇది రాళ్ళ దిబ్బ, ఇక్కడ పట్టాం అని చూపించడం మొదలుపెట్టాడు.

ఇంటికెళ్ళి బాబాయిగారు గుమ్మంలోనే చేప తిన్న సంగతి పిన్నిగారికి చెప్పేశారు. ఆవిడ ఎప్పటిలాగే ఆయన్ని పెరట్లో నిలబెట్టి నీళ్ళు పోశారు. మర్నాడు కాఫీ ఇస్తూ "ముల్లేమైనా గుచ్చుకుందా?" అని మాత్రం అడిగారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి.

తరవాత పడవవాళ్ళు ఒక్కొక్కరే దారాలు పట్టుకుని మా గుమ్మాల ముందుకొచ్చారు. పిన్నిగారు అందరికీ టీ ఇచ్చేవారు. దారాలన్నీ చివరికి ఆ దిబ్బనే చూపించాయి. అక్కడ వేట ఆపమనే ఆఫీసు కాగితాలు కదలడానికి చాలా కాలం పట్టింది. పడవవాళ్ళు మాత్రం ఆయన చెప్పగానే, గుడ్ల కాలంలో అక్కడ వేట మానేశారు.

ఆ వసంతంలో, గుడ్ల కాలంలోనే, ఓ సాయంత్రం ముసలాయన మా రెండు కుటుంబాలనూ తన పడవలో ఆ దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళాడు. అడుగున అద్దం బిగించిన డబ్బాను నీళ్ళలో ముంచి చూడాలి. బాబాయిగారు తాను చూడకుండా ముందు పిన్నిగారినే పిలిచారు. ఆవిడ కొంగు బిగించి, ఆయన చెయ్యి పట్టుకుని వంగారు. "అమ్మో, అన్నీ నిండు చూలాళ్ళేనండీ! ఇన్ని ఒక్కచోటికే పురిటికొచ్చాయా!" అన్నారు.

ఇంజను ఆపేశారు. చేపలు పట్టే తీగ బుట్టలన్నీ డెక్కు మీద ఒకదాని మీద ఒకటి పొడిగా పేర్చి ఉన్నాయి. కింద అంత చేప తిరుగుతుంటే, వేటగాడొకడు ఆ బుట్టలకి వీపు ఆనించి కూర్చుని, తనకూ ఒకసారి ఆ డబ్బా ఇమ్మని చెయ్యి చాపుతున్నాడు.