నాగేంద్రమ్మ ఇనుప పడవ

గట్టు మండలం వైపు మెట్ట చేలకు కాలువ వచ్చిందని అందరూ సంబరపడ్డారు. నాగేంద్రమ్మ కూడా సంబరపడింది. తీరా చూస్తే ఆ కాలువ ఆమె ఇంటికీ ఆమె రెండెకరాలకీ నడుమనుంచే పోయింది. చేను ఎదురుగానే కనిపిస్తుంది, చేరాలంటే మాత్రం ఏడు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. వంతెన వేస్తామన్నారు. నాలుగేళ్లయినా ఆ మాట అన్నవాళ్లకు గుర్తు రాలేదు.

ఆమె పండించేది విత్తన పత్తి. సాయంత్రం మొగ్గల్లోని కేసరాలు గిల్లి పెట్టాలి, మర్నాడు పొద్దున వాటికి పుప్పొడి అద్దాలి. ఎండ ముదిరితే ఆ పువ్వు ఇక పనికిరాదు. చుట్టు తిరిగి పోయేసరికి సగం పూలు చేజారుతుంటే ఎవరికి మండదు? గుండ్రటి పుట్టి పడవ కొందామంటే, పారే నీళ్లలో గిరగిరా తిరుగుతుందన్నారు. ఇనుప పడవ చేయమంటే గద్వాలలో వెల్డింగు షాపులవాళ్లు గేట్లయితే చేస్తామని నవ్వారు. ఆ నవ్వుకు ఒళ్లు మండి బస్సెక్కి కొత్తకోట పోయింది. లారీ బాడీలు కట్టే జగదీశ్ షెడ్డు ముందు నిలబడింది.

“నాకొక పడవ జేసియ్యి బిడ్డా, ఇనుముది.”

“నేను లారీలు కట్టిన గానీ పడవలు కట్టలే అవ్వా. అయినా చూస్త. నాలుగడుగుల వెడల్పు పెడత, గట్టిగ నిలబడతది.”

“వద్దు. గింతే ఉండాలె.” ఆమె నేల మీద చతికిలబడి, మోచేతులు కాస్త వంచి రెండు చేతులూ పక్కలకు చాచింది. “ఊగిందంటే రెండంచులు నా చేతులకు అందాలె. కాలువ మెట్లు మూడడుగుల వెడల్పే. నీళ్లు జోరుగొస్తే దీన్ని మెట్ల మీదికి గుంజుకోవాలె గదా.”

జగదీశ్ సుద్దముక్క తెచ్చి ఆమెకు రెండు పక్కలా గీతలు గీశాడు. ఆ గీతల మీదే పడవ లేచింది. సన్నగా, పొడుగ్గా, అడుగు చదునుగా, ఒకరి వెనక ఒకరు నలుగురు కూర్చునేలా. మునగకుండా రెండు కొసలకూ గాలి చొరని డబ్బాలు అతికాడు. పసుపు రంగు వేశాక బ్రష్షు పట్టుకుని అడిగాడు.

“పేరేం రాయాలె? పేరు లేకుండ ఏ బండినీ షెడ్డు దాటనియ్య.”

“జాగ ఉంచు. నాకు తోచినప్పుడు చెప్త.”

ఆ ఏడు కాలువకు అడ్డంగా తాడు కట్టి, దాన్ని గుంజుకుంటూ కూలీలను నలుగురేసి చొప్పున దాటించింది. పూలన్నీ వేళకు అందాయి. అప్పుడు వచ్చాడు కాలువ ఇంజనీరు, నాలుగేళ్లకు. వంతెన కోసం ఊరివాళ్లు పెట్టిన అర్జీ చేతిలో ఉంది. పడవను ఫోనులో ఫోటో తీసుకుని తెగ సంతోషపడ్డాడు.

“పడవ సౌకర్యం ఉందిగా అమ్మా! వంతెన అవసరం లేదని రాసేస్తాను.”

తనకు దారి లేక కట్టించుకున్న పడవ, ఊరందరి దారికి అడ్డం పడుతోంది! సిగ్గుపడాల్సిన వాడు నవ్వుతున్నాడు.

“ఎక్కుండ్రి సారూ. అవుతలి దాక పోయి, చూసి రాయుండ్రి.”

ఇంజనీరు పడవను చూశాడు, నీళ్లను చూశాడు. “నాకు ఈత రాదమ్మా.”

“మా కూలికొచ్చే తిరుపతమ్మకొస్తదా ఈత? కడుపుతోటున్న ఉమకొస్తదా? మీరెక్కనిది మాకు వంతెనెట్లయితది?”

ఆయన వెనక్కి తిరిగి జీపెక్కాడు. ఆ సాయంత్రమే ఆమె జగదీశ్‌కు ఫోను చేసింది. మర్నాడు అతను రంగు డబ్బాలతో దిగాడు. పడవ రెండు పక్కలా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, లారీ మీద రాసేంత లావు అక్షరాలతో ఎర్రగా రాశాడు: ఇది వంతెన కాదు.

వారం తిరక్కుండా, ఊరివాళ్లు అర్జీ మళ్లీ పెట్టారని, ఇంకో సారు ఫోటోకు వచ్చాడు. ఆ పక్కకు పోయాడు, ఈ పక్కకు వచ్చాడు, చివరికి ఫోను జేబులో పెట్టుకోబోయాడు.

“తియ్యుండ్రి సారూ, జర అక్షరాలు బాగ పడేటట్టు తియ్యుండ్రి” అని కేకేసి, పూల వేళ దాటిపోతోందని నాగేంద్రమ్మ తాడు గుంజుకుంటూ అవతలికి సాగిపోయింది.