బావి ఎవరిదని అడిగితే

మీరు ఈమధ్య విన్న రాజకీయ ఉపన్యాసం ఒకటి గుర్తు తెచ్చుకోండి. అందులో మీకు తెలియని విషయం ఒక్కటైనా తెలిసిందా, లేక అంతకుముందు లేని భయం ఒకటి పట్టుకుందా? ఈ ప్రశ్న నేను వేసుకోవలసిన రోజుల్లో వేసుకోలేదు. అందుకు నష్టపోయింది మా నాయన.

యాభైల చివరి సంగతి. నేను హిందూపురంలో ఒక హైస్కూల్లో మాస్టరుని. మూఢనమ్మకాల మీద, కులం మీద చర్చ పెడుతున్నారంటే సెలవు పెట్టి మరీ వెళ్ళి మాట్లాడేవాణ్ణి. మా ఊరు పరిగి దగ్గర. ఉన్నదంతా మెట్ట పొలం. వానొస్తే వేరుశనగ, రాకపోతే బీడు. యాభై అయిదేళ్ళ వయసులో నాయన ఆ పొలంలో బావి మొదలుపెట్టాడు. బావులు తవ్వే మేస్త్రీ ఒకడు తన మనుషులతో వచ్చి వేసవంతా తవ్వాడు. పైన మెత్తటి మన్ను, దాని కింద మొరం, ఆ కింద రాయి. రాతిలో చెమ్మ కనిపించిన రోజు నాయన ఒక రాతిముక్కను తుండుగుడ్డలో చుట్టుకొని, బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. విప్పి చూసేసరికి అది ఎండిపోయి ఉంది. "పొద్దున తడిగా ఉన్నిందిరా" అన్నాడు, నేను నమ్మనేమోనని.

ఆ సాయంత్రం మార్కెట్ పక్క మైదానంలో ప్రతిపక్షం వాళ్ళ మీటింగు. నాయనను తీసుకెళ్ళింది నేనే. ఉమ్మడి సేద్యం అనే మాట అప్పుడు అందరి నోళ్ళలోనూ నానుతోంది. అదేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియకపోవడం వక్తకు బాగా కలిసొచ్చింది. గట్లు చెరిపేస్తారన్నాడు. బావులున్న పొలాలే ముందు పోతాయన్నాడు. ఈరోజు మీరు తవ్విన బావిలో రేపు మీరు కడవ ముంచాలంటే ఎవడో గుమాస్తా చీటీ రాసివ్వాలన్నాడు. జనం గుండెలు బాదుకున్నట్టే చప్పట్లు కొట్టారు. నాయన కొట్టలేదు. తుండుగుడ్డలోని రాయిని పట్టుకొని కూర్చున్నాడు.

ఇంటికొచ్చి ముద్ద కలుపుతూ అడిగాడు. "బాయి తవ్వితే నాదయితాదా, ఊరిదయితాదా?"

అదంతా అబద్ధమన్నాను.

"అబద్దమని నీకెట్ల తెలుసు? యాడన్నా రాసుండాదా?"

నేను ఊరుకున్నానా? భూమి చరిత్ర మొదలుపెట్టాను. జమీందార్లు, దున్నేవాడి హక్కు, పరదేశాల్లో సేద్యం, అన్నీ చెప్పాను. సంగటి చల్లారిపోయేదాకా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"బాగుండాదిరా" అన్నాడు. "బాయి సంగతి సెప్పలేదే."

ఊరికెళ్ళి పని ఆపించాడు. మేస్త్రీకి ఏమీ అర్థం కాలేదట. నీళ్ళు తగులుతున్న చోట ఎవరైనా ఆపుతారా అని పోట్లాడి, చివరికి ఒక్క మాట చెప్పి గాండ్లపెంట వైపు ఇంకో బావి పనికి వెళ్ళిపోయాడు. తవ్వకం ఆపితే ఆపు గానీ, పై మన్ను కూలకుండా వానలకు ముందే చుట్టూ రాతికట్టు కట్టించుకోమని. రాళ్ళు గుట్ట నుంచి బండ్లలో తోలించి అప్పటికే బావి ఒడ్డున పోసి ఉన్నాయి. రేపు ఎవరిదవుతుందో తెలియని బావికి కట్టు ఎందుకని నాయన సందేహం. విషయం తేలనీ అన్నాడు. తేల్చవలసిన పని నా మీద పెట్టాడు.

నేను ఎక్కడికి వెళ్ళాలి? అప్పటి నా బుద్ధికి, ప్రశ్నలకు జవాబులు వేదికల మీద దొరుకుతాయి. పెనుకొండలో పాలక పక్షం పెద్ద నాయకుడొకడు మాట్లాడుతున్నాడంటే ఆదివారం రైలెక్కాను. ఆయన గంటసేపు మాట్లాడాడు. వాళ్ళు గెలిస్తే జమీందార్లు తిరిగొస్తారు, మీరు మళ్ళీ చెప్పులు చేత పట్టుకొని నడవాలి, ఇదీ సారాంశం. బావుల మాట లేదు. దండ వేయబోతుండగా లేచి అడిగాను: ఒక రైతు తన పొలంలో తవ్వుకున్న బావి ఉమ్మడిలోకి పోతుందా, పోదా?

ఆయన చిరునవ్వు నవ్వాడు. "ఆ ప్రశ్న నీది కాదులే తమ్ముడూ. నీ నోట్లో పెట్టినోళ్ళెవరో నాకు తెలుసు."

జనం నవ్వారు. పక్కనున్న ఆసామి నా చొక్కా పట్టి లాగాడు. "కూచోప్పా, మాకు ఆఖరు బస్సు పోతాది."

కూర్చున్నాను. రైల్లో నన్ను నేనే అడుక్కున్నాను. హిందూపురం వక్త చెప్పింది అబద్ధమైతే ఈయన అబద్ధమని ఎందుకు అనలేదు? నిజమైతే నిజమని చెప్పి, దాని మంచి ఏమిటో ఎందుకు చెప్పలేదు? ఒకవేళ ఆయనకూ తెలియదా? తెలియని మనిషి గంటసేపు అంత ధీమాగా ఎలా మాట్లాడగలిగాడు?

ఆ జవాబు నాకు ధర్మవరంలో దొరికింది. అదీ నా నోటి నుంచే. అక్కడి గ్రంథాలయంలో మాట్లాడమని నన్ను పిలిచారు. వచ్చినవాళ్ళు చాలామంది నేతవాళ్ళు. భయపెట్టే మాటలు నమ్మవద్దనే విషయం మీదే మొదలుపెట్టాను. పావుగంట గడిచేసరికి వెనక వరుసవాళ్ళు ఆవులించడం మొదలైంది. ఏమనిపించిందో ఏమో, గొంతు పెంచి, ఇప్పుడు మేలుకోకపోతే పదేళ్ళలో మీ మగ్గాలు ఒక్కటీ మిగలవన్నాను. ఎక్కడ చదివాను? ఎక్కడా చదవలేదు. హాలంతా కదిలి కూర్చుంది. ఆ తర్వాత వచ్చిన చప్పట్లు ఎంత తీయగా ఉన్నాయో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

సభ అయ్యాక ఒక ముసలాయన, మగ్గం మీదే జీవితం గడిపినవాడు, నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "సామీ, మా పిల్లోడు ఇంట్లో ఇంకో మగ్గానికి గుంత తవ్వుతాండాడు. ఆపమందునా?"

మీరే ఆలోచించుకోండి అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. ఆయన సరేనని తలూపి వెళ్ళిపోయాడు. ఆ గుంత తవ్వారో, పూడ్చారో నేను తర్వాత వెళ్ళి కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం లేకపోయింది.

మర్నాడు తిరుగు రైల్లో కూర్చోలేక పెనుకొండలో దిగి, తాలూకా ఆఫీసుకు నడిచాను. గుమాస్తా తల కూడా ఎత్తకుండా చెప్పాడు: "అట్లాంటి కాయితం మాకేదీ రాలేదు. పొలం ఎవరి పట్టాలో ఉంటే బావి వాళ్ళది. రేపు మారితే తమటకు వేయించి ఊరంతా చాటిస్తాం, అప్పుడు తెలుస్తాది." టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. మూడు నెలల కిందటే ఈ మెట్లు ఎందుకు ఎక్కలేదు? ఈరోజుకీ నాకు అర్థం కాదు.

అక్కడి నుంచి సరాసరి ఊరికి వెళ్ళాను. పుబ్బ కార్తె వాన ముందురోజే కురిసింది. బావి పై మన్ను నాలుగు వైపులా జారి, ఒడ్డున పోసిన రాళ్ళను కూడా లోపలికి లాక్కుపోయింది. సగానికి పైగా పూడిపోయింది. నాయన గట్టు మీద గొంతుక్కూర్చొని ఉన్నాడు. గుమాస్తా చెప్పింది చెప్పాను.

"ఓహో" అన్నాడు. "నాదేనా?"

నేను హిందూపురం వక్తను తిట్టాను, పెనుకొండ నాయకుణ్ణి తిట్టాను. నాయన చాలాసేపు విని, "వాళ్ళు ఆపమన్లేదు కదరా, నేనే ఆపితి" అన్నాడు. ఆయన మళ్ళీ బావి తవ్వించలేదు. మా పొలాన్ని ఎవరూ ఉమ్మడిలో కలపనూ లేదు. ఆ వక్త అరవైలలో ఇంకో భయంతో మా దగ్గరికే ఓట్లకు వచ్చాడు. బావుల సంగతి ఏమైందని ఆయనను ఎవరూ అడగలేదు.

తప్పు ఎవరిది? భయపెట్టినవాడిదా, ప్రశ్నను నవ్వుతో కొట్టేసినవాడిదా, విని పని ఆపుకున్న నాయనదా, ఆయనకు ఉపన్యాసం వడ్డించిన నాదా? ఏ వైపు నుంచైనా నేను వాదించగలను. నేను నేర్చిన విద్యే అది. తేల్చడం మాత్రం చేతకావడం లేదు.

ఆ తప్పు మళ్ళీ జరగకుండా చూడడం మాత్రం మీ చేతిలో ఉంది, ఎందుకంటే మీటింగులు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. వెళ్ళండి. దండలు వేయకముందే లేవండి. ఏ కాగితంలో ఉంది, ఎవరికి వర్తిస్తుంది, ఎప్పటి నుంచి అని అడగండి. చొక్కా పట్టి లాగినా కూర్చోకండి. జవాబు రాకపోతే చప్పట్లు కొట్టకండి. పొద్దున ఆఫీసు తలుపు తీయగానే వెళ్ళి అదే ప్రశ్న మళ్ళీ అడగండి. అక్కడ జవాబు దొరికేదాకా, మీరు చేస్తున్న పని ఒక్క పూట కూడా ఆపకండి.