భాగ్యక్క గాలాల దుకాణం

పోయిన వారం ఎయిర్‌పోర్టు దగ్గర నా కారెక్కిన ఒకాయన తన చేతిలోని పొడవాటి గొట్టాన్ని డిక్కీలో పెట్టనివ్వలేదు. వెనక సీట్లో అడ్డంగా పెట్టుకుని, దాని పక్కనే ఒదిగి కూర్చున్నాడు. శంషాబాద్ దాటుతుండగా ఒళ్లో ఉన్న చిన్న డబ్బా మూత తీసి ఏవో సర్దుకోసాగాడు. అంతే, కారంతా ఒక వాసన నిండింది. కొత్త రబ్బరు వాసన, కొంచెం తియ్యగా, దాని అడుగున ఎక్కడో చేప జిగురు. అద్దంలో చూడకుండానే తెలిసింది, ఆ డబ్బాలో ఉన్నవి రబ్బరు కప్పలని. కొర్రమీనుకు ఎరగా వేసే బొమ్మ కప్పలు. ఏసీ ఆపి కిటికీలు దించాను. ఏమైందమ్మా అని ఆయన అడిగితే ఏం లేదు సార్ అన్నాను. ఆయన్ని దింపాక వెంటనే ఇంకో కిరాయి వచ్చింది, తీసుకోలేదు. రోడ్డు పక్కన ఆపి, దిగి, కారు చుట్టూ తిరిగాను. మనసుకు ఏదైనా గట్టిగా తగిలితే నేను కూర్చోలేను. నాలోని ఈ గుణాన్ని జబ్బుగా కాకుండా మామూలు సంగతిగా చూసిన మొదటి మనిషి భాగ్యక్క.

శంషాబాద్ నుంచి హిమాయత్‌సాగర్ వైపు పోయే దారిలో, ఒక ప్లాట్ల ఆఫీసుకూ టీ కొట్టుకూ మధ్య, ఒకే షట్టరున్న దుకాణం ఆమెది. పైన బోర్డు మీద 'గాలాలు, రీళ్లు, ఎరలు దొరుకును' అని మాత్రం ఉండేది. వాళ్లది వ్యవసాయం చేసుకున్న కుటుంబం. చిన్నప్పుడు బర్రెలు కాస్తూ, దీపం మంటకు సూదిని వంచి గాలం చేసుకుని చేపలు పట్టేదట. పొలాలు పోయి చుట్టూ గోదాములు, హోటళ్లు లేచాక అందరూ కిరాణా కొట్లు, టిఫిన్ బండ్లు పెడుతుంటే, ఆమె గాలాలు అమ్ముతానని కూర్చుంది. కూర్చుంది అనడం తప్పు. ఆమె కూర్చోగా నేను చూసింది తక్కువ. పొట్టి మనిషి, కొంగు నడుముకు దోపుకుని, కౌంటరు ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే బేరం చేసేది. ఆమె భర్త రాములన్న ఒక గోదాములో కాపలా పని చేసేవాడు, మాట తక్కువ మనిషి. దుకాణం ముందు కుర్చీలో ఆయన కూర్చునేవాడు, ఆమె వంతు కూడా.

నేను ఆ దుకాణానికి వచ్చేనాటికి నాలుగు చోట్ల పని మానేసి ఉన్నాను. మాది మహేశ్వరం పక్క ఊరు. మా చేను ప్లాట్లయ్యాక అమ్మా నేనూ శంషాబాద్ వచ్చాం. హోటల్లో రిసెప్షన్, గోదాములో ప్యాకింగ్, ఏదీ నిలవలేదు. నన్ను ఒకచోట నిలబెట్టి గంటలకొద్దీ ఒకే పని చేయమంటే కాళ్లు తలుపు వైపు లాగేవి. అమ్మ రోజూ అరుస్తూ అడిగేది, "ఎక్కడ నిలుస్తవే నువ్వు?" అని. నేనూ తిరిగి అరిచేదాన్ని. అలా అరిచి ఇంట్లోంచి బయటపడిన ఒక రోజు, ఆ దుకాణం ముందు నుంచి అటూ ఇటూ చాలాసార్లు నడిచినట్టున్నాను. భాగ్యక్క బయటికి వచ్చింది.

"ఏమన్న పోగొట్టుకున్నవా?"

"లేదు."

"మరి ఎవర్నన్న కొట్టనీకి పోతున్నవా?"

నవ్వు వచ్చింది. లేదన్నాను.

"అయితే లోపలికొచ్చి తిరుగు. నాక్కూడ కాళ్లు నిలవయి. ఇద్దరం తిరుగుదం, జర పని గూడ అయితది."

అలా నాకు పని దొరికింది. పొద్దున ఎవరూ రాని వేళ, దుకాణం రాములన్నకు అప్పజెప్పి, ఆమె నన్ను స్కూటీ మీద హిమాయత్‌సాగర్ జలాశయం గట్టుకు తీసుకెళ్లేది. అక్కడి జాలరి కుటుంబాలు ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్లు వలలు వేసే చోటికి మేం పోయేవాళ్లం కాదు. గాలం వేయడమంటే నీటి మీద తేలే బెండు వైపు చూస్తూ చెట్టు కింద కునికిపాట్లు పడటమని నేననుకున్నాను. భాగ్యక్క పద్ధతి వేరు. రబ్బరు కప్పను గడ్డి అంచున విసిరేది, నీటి మీద దాన్ని గెంతులు వేయిస్తూ లాక్కునేది, చేప తగలకపోతే ముందుకు నడిచేది. మళ్లీ విసురు, మళ్లీ నడక. ఎండెక్కేలోపు గట్టు చాలా మేర తిరిగేసేవాళ్లం. ఆ కప్పకు గాలాలు వీపు వైపుకు తిరిగి ఉంటాయి, అందుకని తామరాకుల మీద లాగినా చిక్కుకోదు. కొర్రమీను కింద నుంచి వచ్చి నోరు తెరిచి మింగుతుంది, నీళ్లు ఒక్కసారిగా పగిలినట్టవుతాయి. అక్కడే నేను ప్రతిసారీ చెడగొట్టేదాన్ని. ఆ చప్పుడు వినగానే గాలం కర్రను వెనక్కి గుంజేదాన్ని, ఉత్త కప్ప గాల్లో ఎగిరొచ్చేది.

"ఎందుకే గుంజుతవ్? అది ఇంకా నోట్ల పెట్టుకోనే లేదు."

"ఆగలేనక్కా. ఏం చెయ్యాలె?"

"నిన్ను ఆగుమని ఎవరన్నరు? కాళ్లు కదిలియ్యి. ఒక అడుగు దాని దిక్కు వెయ్. దారం వదులైతది, అది మింగుతది. అప్పుడు గుంజు. పరేషాన్ అంత కాళ్లల్ల పెట్టుకో, చేతుల్లకు రానియ్యకు."

ఓపిక పట్టమని నాకు చాలామంది చెప్పారు. ఓపిక లేని ఒంటితో ఏం చేయాలో చెప్పింది ఆమె ఒక్కతే. ఆ రోజు ఒక అడుగు ముందుకు వేసి గుంజితే నా మొదటి కొర్రమీను పడింది. నల్లటి వీపు, చేతిలో నిలవని బలం. గట్టు మీద అది కొట్టుకుంటుంటే నేనూ దానితోపాటు గెంతాను.

చిన్న చేపలకు వేరే పద్ధతి నేర్పింది. రాళ్ల పక్కన తిరిగే జిలేబి చేపలకు బెండు కట్టి, వానపాము ముక్క గుచ్చి, లోతు కొద్దికొద్దిగా మార్చి చూడమనేది. బెండు పక్కకు ఒరిగి పడుకుందంటే ఎర అడుగున నేలకు తగిలిందని అర్థం, దారం తగ్గించాలి. నీళ్లు మట్టిగా ఉంటే మెరిసే రంగు ఎర, తేటగా ఉంటే మబ్బు రంగుది. ఇవన్నీ దుకాణానికి వచ్చేవాళ్లకూ చెప్పేది, వాళ్లు ఏమీ కొనకపోయినా సరే.

ఒకసారి తుంగ పక్కన నీటి మీద ఎర్రటి మచ్చ కదులుతూ కనిపించింది. కొర్రమీను పిల్లలు, గుంపుగా పైకొచ్చి గాలి పీల్చుకుంటున్నాయి. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయని, అప్పుడు ఏది వేసినా కరుస్తాయని వినున్నాను. కప్పను విసరబోయాను. భాగ్యక్క చెయ్యి నా కర్ర మీద పడింది.

"దీని మీద వద్దు."

"ఖాయంగ పడతది గదక్కా."

"పడతది. ఆకలికి గాదు, కోపానికి. పిల్లల కోసం కోపం మీదున్నదాన్ని పడితే అండ్ల మన గొప్పేముంది?" నీటి వైపే చూస్తూ అంది. "మీ అమ్మ గూడ అరుస్తదంటివి గద. ఆమెకు నీ మీద కోపమనుకుంటున్నవా?"

ఆ రోజు ఇంటికి వెళ్లి అమ్మ పక్కన కూర్చుని, ఎక్కువసేపు కాదు, నాకు వీలైనంతసేపు, చేపలకు కారం పట్టించాను. అమ్మ ఉప్పు డబ్బా నా వైపు జరిపింది.

ఆ తరువాతి వానాకాలంలో భాగ్యక్క కుడి భుజం పట్టేసింది. చెయ్యి తల దాకా లేవకపోయేది. అయినా కొత్త నీళ్లు వస్తున్నాయంటే ఆగలేదు. వాగు జలాశయంలో కలిసేచోట, కొత్త నీటికి చేపలు ఎదురెక్కుతాయి. ఆ మధ్యాహ్నం ఈసీ వాగు ఒడ్డుకు చేరేసరికి అక్కడ చేపల మాట ఎవరికీ లేదు. పైన ఎక్కడో కురిసిన వానకు వాగు ఒక్కసారిగా పెరిగింది. వాగు మధ్య ఒక దిబ్బ, దాని మీద ఒక తుమ్మ చెట్టు, చెట్టును పట్టుకుని ఒక మనిషి. పేరు మల్లేశ్, పక్క ఊరి రైతు. నీళ్లు రాకముందే మోటరు విప్పుకొద్దామని వెళ్లి చిక్కుకుపోయాడు. ఒడ్డున అతని తమ్ముడు, ట్రాక్టరు, మోకు ఉన్నాయి. కానీ తడిసిన మోకు ఎంత బలంగా విసిరినా సగం దూరం కూడా పోవడం లేదు. ఫోను చేశారు, సాయం బయలుదేరిందన్నారు. దిబ్బ మాత్రం చూస్తుండగానే చిన్నదవుతోంది.

భాగ్యక్క స్కూటీ దిగి ఒక్క క్షణం చూసింది. పెద్ద బొచ్చె చేపలకు వాడే పొడవాటి గాలం కర్ర తీసి, గాలం కోసేసి, ఉన్నవాటిలో పెద్ద సీసం గుండు కట్టమంది. అది అల్లిన దారం, సన్నగా ఉన్నా తెగదు. గుండు అతని దాకా పోతే, దారం వెంట సన్న నైలాన్ తాడు, తాడు వెంట మోకు పంపవచ్చు. కర్ర నా చేతికిచ్చింది.

"నాతోటి కాదు. భుజం లేస్తలేదు. నువ్వెయ్."

మొదటిసారి వేలు ఆలస్యంగా వదిలాను, గుండు నా ముందే నీళ్లలో పడింది. రెండోసారి దూరం పోయింది కానీ గాలికి కిందికి కొట్టుకుపోయింది. దారం చుట్టుకుంటుంటే చేతులు వణకసాగాయి. మల్లేశ్ తమ్ముడు తొందర తొందర అంటున్నాడు. మల్లేశ్ మోకాళ్ల దాకా నీళ్లలో ఉన్నాడు. మూడోసారి కర్ర ఎత్తబోతే భాగ్యక్క నా రెక్క పట్టుకుంది.

"నడువ్. ఆ రేగు చెట్టు దాంక పోయి రా."

"మనిషి పోతుంటే నడుసుడేందక్కా" అని అతని తమ్ముడు ఏడుపు గొంతుతో అన్నాడు.

"గిట్ల వణికే చేతుల్తోటి ఇంకో పది సార్లు ఏసినా గింతే తమ్మీ. పోనియ్యి, వస్తది."

నడిచాను. కాదు, పరిగెత్తాను. రేగు చెట్టును ముట్టుకుని తిరిగొచ్చేసరికి ఊపిరి ఎగపోస్తోంది గానీ చేతులు నావయ్యాయి. గాలి వచ్చే వైపు కొంచెం ఎగువకు చూపి, కర్రను వెనక్కి వంచి విసిరాను. గుండు తుమ్మ చెట్టు దాటి పడింది. దారం మల్లేశ్ భుజం మీద వాలింది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. భాగ్యక్క ఎడమ చేత్తో, పళ్లతో, దారానికి తాడు ముడేస్తోంది. తాడు పోయింది, దాని నడుమ కట్టిన మోకూ పోయింది, తాడు రెండో కొస మాత్రం మా చేతుల్లోనే ఉంది. మల్లేశ్ మోకును చెట్టుకు కట్టి, తాడును నడుముకు చుట్టుకుని నీళ్లలోకి దిగాడు. ట్రాక్టరుకు కట్టిన మోకును పట్టుకుని ఒక్కో చెయ్యి మార్చుకుంటూ వస్తూ, నడుమ పట్టు తప్పి మునిగిపోయాడు. అందరం తాడు మీద పడి లాగాం. ఏమి లాగుతున్నామో తెలియలేదు, బరువు మాత్రం తెలిసింది. ఒడ్డుకు రాగానే బురదలో బోర్లాపడి నీళ్లు కక్కాడు. చాలాసేపటికి తలెత్తి అడిగిన మొదటి మాట, "మోటరు పోయిందా?"

"పోయింది" అంది భాగ్యక్క. "నువ్వున్నవ్."

తిరిగొచ్చే దారిలో ఆమె నన్ను మెచ్చుకోలేదు. దుకాణం చేరాక, షట్టరు సగం ఎత్తి ఆగి, "సునీతా, నువ్వు ఇగ ఈడ ఉండొద్దు" అంది. నేనేం తప్పు చేశానని అడిగాను.

"తప్పు గాదే. గీ డబ్బాల నడుమ ఎన్ని రోజులు తిరుగుతవ్? నీకు తిరిగే పని గావాలె, చేతుల మీద నమ్మకం గావాలె. రెండోది ఇయ్యాల దొరికింది. డ్రైవింగ్ నేర్చుకో."

ఏడ్చాను, కోపగించుకున్నాను, కొన్నాళ్లు మాట్లాడలేదు. చివరికి నేర్చుకున్నాను. స్టీరింగు పట్టుకున్న రోజునుంచి కాళ్లు తలుపు వైపు లాగడం తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. ఇప్పటికీ సెలవు రోజున ఇంట్లో ఉండలేను. కానీ అమ్మ ఇప్పుడు ఎక్కడ నిలుస్తవే అని అడగదు, ఎక్కడిదాకా పోయినవ్ అని అడుగుతుంది.

భాగ్యక్కకు కడుపులో గడ్డ అని తెలిసేనాటికి ఆలస్యమైంది. దవాఖానలో నేను చూడ్డానికి వెళ్లినప్పుడు మంచం ఖాళీగా ఉంది. సెలైను సీసా వేలాడే స్టాండును తోసుకుంటూ వరండాలో నడుస్తోంది. వెనకాల రాములన్న, చేతిలో చెప్పులు పట్టుకుని. నర్సు కోప్పడితే, "పండుకుంటే నొప్పి ఒక్కకాడనే ఉంటదమ్మా" అని నవ్వింది. నన్ను చూడగానే ఆమె అడిగింది ఒకటే, "సాగర్ల నీళ్లు ఎంతున్నయి?"

నాకు తెలియదు. ఆ రోజు చూడలేదు. మర్నాడు పొద్దున్నే కిరాయికి ముందు గట్టు దాకా వెళ్లి చూసి, వచ్చి చెప్పాను. మెట్లు ఎన్ని బయటపడ్డాయో, తుంగ ఎటువైపు ఎండిందో, కొంగలు ఎక్కడ దిగాయో అన్నీ అడిగేది. ఆ తరువాత రోజూ అదే పని. నడవలేని రోజులు వచ్చాక కూడా, నేను చెబుతుంటే దుప్పటి కింద ఆమె పాదాలు కదులుతుండేవి. చివరి ఉదయం నేను వార్త పట్టుకుని వెళ్లేసరికి, రాములన్న బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన, "ఇయ్యాల ఎంతున్నయి బిడ్డా?" అని అడిగాడు. చెప్పాను.

ఇప్పుడు రాములన్న కూతురి దగ్గర వేరే ఊళ్లో ఉంటున్నాడు. దుకాణంలో ఎవరో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. ఆ దారిన కిరాయి వచ్చినప్పుడల్లా గట్టు దగ్గర నా కారు నెమ్మదిస్తుంది. ప్రయాణికులు ఫోను లోంచి తలెత్తి ఎందుకు నెమ్మదించామని చూస్తారు. నేను నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూస్తాను. నిన్నటికంటే కొంచెం పెరిగినయక్కా, అవతలి ఒడ్డున తుంగ మునిగింది, అని మనసులో మాట మొత్తం సిద్ధమవుతుంది. అప్పుడు మళ్లీ బండిని ముందుకు పోనిస్తాను.