పోతామంటే ఎవరెవరు?

హైదరాబాదులో భాషాశాస్త్రం చదువుతున్న మా మనవరాలు మొన్న ఫోన్ చేసి, "అవ్వా, నేను అంటే వస్తాను, నువ్వు అంటే వస్తావు అని పురుషను బట్టి క్రియ మారుతుంది కదా. మరి మేము, మనం రెండింటికీ 'వస్తాం' ఒక్కటే ఎందుకు? ఎదుటి మనిషి అందులో ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగింది. ఏళ్ల తరబడి బడిపిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పినదాన్ని. జవాబు చెప్పబోతుంటే మా మేనత్త గుర్తుకొచ్చింది.

ఆమె నాయనకు అక్క. పెళ్లయిన కొద్ది కాలానికే భర్తను పోగొట్టుకుని ఉరవకొండ దగ్గరున్న మా ఇంటికి వచ్చేసింది. నన్ను పెంచింది ఆమే. ఇంట్లో అన్ని పనులూ ఆమెవే, ఏ మాటా ఆమెది కాదు. అరవైల్లో, నేను హైస్కూల్లో చేరిన ఏడాది, వరుసగా రెండోసారి వాన మొహం చాటేసింది. చేన్లో వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టకముందే మాడిపోయింది. బావిలో బిందె మునగడం లేదు. ఒక సాయంత్రం నాయన అన్నం ముందు కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా, "శుక్రవారం పోతాం. బళ్లారి పక్క కాలవ కింద పని ఉండాదంట" అన్నాడు. అంతే. ఆయన మాటల్లోనూ కరువే.

ఆ నాలుగు రోజులూ అత్త మా అందరి బట్టలూ ఉతికి మడతపెట్టింది, దారికని జొన్నరొట్టెలు కాల్చింది. ఆమె రాకుండా ఉంటుందన్న ఊహే ఎవరికీ లేదు కాబట్టి ఎవరూ ఆమెను అడగనూ లేదు. శుక్రవారం పొద్దున బండి కట్టారు. అందరం ఎక్కాం. అత్త మాత్రం తాళంచెవి పట్టుకుని గడపలోనే నిలబడి ఉంది.

"అక్కా, ఈడనే నిలబడుకున్నావేమి? నీ మూట యాడ?" అన్నాడు నాయన.

"నన్ను రమ్మన్లేదు కదప్పా."

"పోతామని చెప్తినే."

"చెప్తివి. మేము పోతామంటివో, మనం పోతామంటివో నాకేం తెలుసు."

నిష్ఠూరంగా అనలేదు. వాన రాలేదని చెప్పినట్టే చెప్పింది. నాయన బండి దిగి లోపలికి పోయి, దండెం మీది ఆమె చీరలు తన తుండుగుడ్డలో కట్టుకొచ్చాడు. మూట కట్టడం చేతకాక కొంగులు వేలాడుతున్నాయి. తలుపుకు తనే తాళం వేసి, ఆమెను అమ్మ పక్కన కూర్చోబెట్టాడు. బండి ఊరు దాటాక అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కాలవ కింద అమ్మా అత్తా పక్కపక్కనే నాట్లు వేశారు. అప్పటినుంచి నాయన అత్త ఎదుట ప్రతి మాటకూ ముందు 'మనం' చేర్చేవాడు. మనం తింటాం, మనం సంతకు పోతాం. ఒకసారి మనం గడ్డం గీయించుకుంటామని కూడా అన్నాడు. ఆ రోజు అత్త చాలాసేపు నవ్వింది. వానలు పడి ఊరికి తిరిగొచ్చాక కొన్నేళ్లు మాతోనే ఉండి, ఒక ఎండాకాలం నాయన చేతుల్లోనే కన్నుమూసింది. పలకరించడానికి వచ్చినవాళ్లతో నాయన "మా అక్క లేదప్పా" అని మాత్రం అనగలిగాడు. కాలం చేసే పని ఇంతే కాబోలు: ఎదురుగా ఉండగా 'నువ్వు' అని పిలుచుకున్నవాళ్లను ఒక్కొక్కరినే 'ఆమె'గా, 'ఆయన'గా మార్చేస్తుంది.