గోడ అవతలి వైన్

ఇన్నేళ్ళూ నా మాట విన్నవాళ్ళు లేరు. మీరైనా వినండి. ఈ బరువుతోనే పడుకుంటున్నాను, దీనితోనే లేస్తున్నాను. తలుపు చప్పుడైతే ఇప్పటికీ నా కోసమే వచ్చారనుకుంటాను.

ఈ గల్ఫ్ దేశంలో, వెస్ట్ బే అనే చోట ఒక హోటల్ బార్‌లో గ్లాసులు నింపడం నా పని. వరల్డ్ కప్ స్టేడియాలకు ఇంకా పునాదులు తీస్తున్న రోజులవి. మా దగ్గర పేరుమోసిన ఒక ఫ్రెంచి తోట తెల్ల వైన్ ఉండేది. ఆ తోటను ఆనుకుని, ఒక్క రాతిగోడ అవతల, పేరులేని తోట ఉంది. అదే వాలు, అదే సున్నపురాతి నేల, అదే ద్రాక్ష. దాని వైన్ మూడోవంతు ధరకే వచ్చి మా స్టోర్‌లో ఓ మూల పడి ఉండేది. రుచి చూశాను. నాకు తేడా దొరకలేదు. మెనూలో పెడదామని మేనేజర్‌కు ఎన్నిసార్లు చెప్పానో. "గ్లాసులు తుడిచేవాడికి నాలుక కూడా ఉందా?" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మరచిపోలేదు.

ఒక సాయంత్రం స్టేడియం పనుల మీద వచ్చిన అతిథులు పెద్ద తోట వైన్ అడిగారు. నేను గోడ అవతలిది పోశాను. వాళ్ళు మెచ్చుకుంటే మేనేజర్‌ను పిలిచి చూపిద్దామని. మెచ్చుకున్నారు. మళ్ళీ అడిగారు. కానీ నేను నోరు తెరిచేలోపే, బిల్లు పడ్డ పెద్ద తోట సీసా ఫ్రిజ్‌లో సీలు కూడా తీయకుండా ఉండటం మేనేజర్ కంటబడింది. బయట అమ్ముకోవడానికి దాచారన్నాడు. పోలీసులన్నాడు. ఈ దేశంలో మందు దొంగతనమంటే ఏం చేస్తారో ఊహించడానికే భయం.

"ఎవరు పోశారు?"

"సత్యం," అన్నాను.

సత్యం మాతో ట్రేలు మోసేవాడు. అమలాపురం వైపు మనిషి. నజ్మా పేటలో మేముండే గదిలో నా పక్క మంచం అతనిదే. వ్యవహారం పోలీసుల దాకా పోలేదు. వీసా రద్దు చేసి ఇంటికి పంపేశారు. పెట్టె సర్దుకుంటూ అడిగాడు.

"గోడవతల వైనూ, గోడవతల వైనూ అని నా బుర్ర తినేశావు కదన్నా. అక్కడ నోరు పెగల్లేదేం?"

"భయమైంది తమ్మీ. జైల్ల ఏస్తరనుకున్న."

"మరి నన్నేస్తే పర్లేదా?"

నేను అతని చెప్పులు కవర్లో చుట్టి ఇచ్చాను. అంతే.

ఎవరు ఒక్క మాటన్నా ఏళ్ళ తరబడి పట్టుకు వేలాడే మొండివాణ్ణి, నా రుచి నిజమని నిరూపించుకోవడానికే ఆ పని చేసినవాణ్ణి, పోసింది నేనే అని ఎందుకు అనలేకపోయాను? భయమేనా? పోలీసులు రారని తేలాక కూడా నోరు విప్పలేదు కదా. అప్పుడు దేనికి భయపడ్డాను?

ఇప్పుడు స్టేడియాలు లేచాయి. పక్క ఊరు అల్ వక్రాకు మెట్రో నడుస్తోంది. వరల్డ్ కప్ అతిథుల కోసం కొత్త మెనూ వేశారు. గోడ అవతలి వైన్ అందులో ఉంది. మేనేజర్ కనిపెట్టాడట. నేను ముందే చెప్పానని అరవాలని ఉంటుంది. అరిస్తే, ఎవరికి పోసి చూశావని అడుగుతారు. అందుకే రోజూ ఆ సీసా తీసి, లేబులు అతిథికి చూపించి పోస్తాను.

ఆ వైన్ మంచిది. అది నిజం. పోసింది నేను. అదీ నిజం. రాశాక భయం తగ్గలేదు గానీ, ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.

సత్యం, నా మెసేజ్‌లు నువ్వు చూస్తున్నావని తెలుసు. నీలం గుర్తులు పడుతున్నాయి. అన్నిట్లోనూ బాగున్నావా అనే అడిగాను. ఇది అలాంటిది కాదు. ఈ రాసిందంతా నీకూ పంపుతున్నాను. తిట్టు, మేనేజర్‌కు చూపించు, నీ ఇష్టం. ఈసారి మాత్రం జవాబివ్వు.