కొండకు వీపు తిప్పి నిలబడ్డ చెంగమ్మ

ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టిన పాస్‌పోర్టు మీద కుడిచెయ్యి ఉంచి ప్రమాణం చేస్తున్నాను. అందువల్ల ఎడమచేత్తో టైపు చేయాల్సి వస్తోంది. తప్పులుంటే మన్నించాలి.

కరోనా సద్దుమణిగాక రెండో ఏడు, అక్టోబరు నెలాఖరున నన్ను జార్జియాకు వేశారు. అప్పట్లో బెంగళూరులో ఒక ట్రావెల్ కంపెనీలో నేను టూర్ మేనేజర్‌ని. నిరుడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. జార్జియా అంటే అమెరికాలోది కాదు, రష్యాకు దక్షిణాన కాకసస్ కొండల్లో ఉన్న చిన్న దేశం. బయల్దేరే ముందు మేం ఏర్పాటు చేసే సమావేశంలో ఈ సంగతి చెప్పగానే, ఒకాయన మెల్లగా బయటికి వెళ్ళి అమెరికాలో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి ఏర్‌పోర్టుకు రావద్దన్నాడు.

టూర్ మేనేజర్ కింద స్థానిక గైడు, గైడు కింద డ్రైవరు. ఇది కాగితం మీది లెక్క. కొండదారిలో డ్రైవరే అందరికీ పై అధికారి. ఈసారి వీళ్ళకు తోడు ఒక గురువు కూడా వచ్చింది, ఎందుకంటే అది బొమ్మలు వేసే టూరు. మామూలు టూరులో మనుషుల్ని కొండ దగ్గర దించి, ఫోటోలు కాగానే బస్సెక్కిస్తాం. దీంట్లో ఒకే కొండ ఎదుట పూటంతా కూర్చోబెట్టాలి. మహదేవపురలో ఒక అపార్ట్‌మెంట్‌లో బొమ్మల క్లాసు నడిపే అనిత మేడం ఆ గురువు. ఆవిడ శిష్యులు, చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు, మా ప్రయాణికులు.

వాళ్ళలో ఇద్దరు మాత్రం ఆ క్లాసు మొహం చూసినవాళ్ళు కాదు. ఆనేకల్ మునిరత్నం గారు, ఆయన భార్య చెంగమ్మ గారు. క్లాసుకు వెళ్ళేది వాళ్ళ కూతురు. ఆమె కావాలనే తన బదులు అమ్మానాన్నలను పంపింది.

మునిరత్నం గారు ఫోటో స్టూడియోలకు తెరలు రాసిన మనిషి. పొడి రంగుల్లో వజ్రం జిగురు కాచి కలిపి, గోడంత గుడ్డ మీద మంచుకొండ వేసేవారు. హెబ్బగోడి అద్దెగదుల్లో ఉండే ఫ్యాక్టరీ కుర్రవాళ్ళు ఆదివారం తల దువ్వుకుని వచ్చి, ఆ కొండ ముందు నిలబడి ఫోటో దిగి ఊరికి పంపేవారు. కొడుకు పనిచేసే చోట మంచు పడుతుందని భయపడి కొందరు తల్లులు రగ్గులు పంపించారట. అంత బాగా వేసేవారు. ఆయన మాత్రం మంచుకొండను చూసి ఎరగరు. క్యాలెండరు బొమ్మ చూసి నేర్చుకున్నారు.

చెంగమ్మ గారు పెళ్ళయిన కొత్తలోనే ఆ గుట్టు పట్టేశారు. చూడని కొండను బరుకుతావే, అంత తెల్లటిది యాడన్నా ఉండాదా అని ఆవిడ, ఉండాది, చూపిస్తానని ఆయన. ముసలితనం దాకా అదే వాదన.

సమావేశంలో నేను అలవాటు ప్రకారం అందరికీ జాగ్రత్తలు చెప్పాను. ఎండలో మంచు వైపు చూస్తే కళ్ళు వాటంతటవే చికిలిస్తాయి, నీళ్ళు కారతాయి, నల్లద్దాలు తప్పనిసరి అన్నాను. విమానం ఎక్కేముందు మునిరత్నం గారు నన్ను పక్కకు పిలిచారు. “అప్పా, నాకు ఊరు వద్దు, గుడి వద్దు. ఆయమ్మకు ఒక్క తూరి కొండ చూపిస్తే చాలు” అన్నారు. చూపిస్తానన్నాను. మా కరపత్రాల్లో అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ‘వాతావరణాన్ని బట్టి’ అని ఉంటుంది. నోటిమాటకు అలాంటి అడుగుభాగం ఉండదు.

మేం దిగింది కజ్‌బెక్ అనే కొండ కింది ఊళ్ళో. బస గది కిటికీ నిండా కొండే ఉంటుందని హోటలు వాళ్ళు చెప్పారు. కిటికీ నిండా మబ్బు ఉంది. మరునాడూ అదే. ఆ మరునాడూ అదే. ఇలాంటి టూర్లలో వానకో మబ్బుకో ఒక రోజు అదనంగా పెట్టుకుంటాం, దాన్ని బఫర్ అంటాం. అదీ కరిగిపోయింది.

అయినా పని ఆగలేదు. పొద్దున్నే మడత స్టూళ్ళు, కాగితం ఆనించే ఈజిళ్ళు మోసుకుని మిట్ట మీదికి పోయి, కనిపించినంత లోయను వేసేవారు. చలికి కాగితం మీద నీళ్ళరంగు పెంకులా గడ్డకట్టేది. దానికి విరుగుడు, కుంచె కడిగే నీళ్ళలో కాస్త సారా కలపడం. ఆ దేశంలో ద్రాక్షతొక్కుతో కాచే సారా ఒకటి ఉంది. గైడు సీసా తెచ్చి అందరి గిన్నెల్లో పోశాడు. చెంగమ్మ గారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, “బొమ్మలకు తాగబోసేది ఈడే చూస్తా ఉండా” అన్నారు. ఆవిడ ఆ మబ్బులోనూ రోజంతా నల్లద్దాలు తీసేవారు కాదు. నేను చెప్పాను కదా మరి.

ఇంకో సంగతి. నీళ్ళరంగుల్లో తేనె కలుపుతారు. ఆ వాసనకు ఒక ఆవు వచ్చి, కిరణ్ అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయి వేసిన లోయను ఆకాశంతో సహా నాకేసింది. మరునాడు హోటల్లో కాఫీకి వచ్చిన పాలు లేత నీలంగా ఉన్నాయి. నేను తాగాను.

సాయంత్రాలు బొమ్మలన్నీ గోడకు ఆనించి అనిత మేడం ఒక్కోదాని గురించి మాట్లాడేవారు. మునిరత్నం గారి బొమ్మలన్నిటికీ ఒకటే లక్షణం. చెట్లు, రాళ్ళు, వాగు అన్నీ పక్కలకు తప్పుకుని ఉండేవి. నడిమధ్య ఖాళీ. “మధ్యలో ఏమీ లేకపోతే కన్ను ఎక్కడ నిలుస్తుంది సార్?” అన్నారు మేడం.

“ఆడ మనిషి నిలబడాల కదమ్మా” అన్నారాయన.

కొందరు నవ్వారు. మేడం నవ్వలేదు. అయితే నిలబెట్టండి, మనిషితో సహా వేయండి అన్నారు. ఆయన ఇబ్బందిపడ్డారు. తెర రాయడమే తప్ప, దాని ముందు నిలబడే మనుషుల్ని ఎప్పుడూ వేయలేదట. చెంగమ్మ గారిని కూడా తన తెర ముందు ఎన్నడూ నిలబెట్టలేదట. “ఆయమ్మే ఒప్పుకోలా, దొంగకొండ ముందర నేను నిలబడనని” అన్నారు.

చివరి రోజు. పదింటికి బస్సు కదలాలి. కనుమ దాటాక, ఎదురుగా రష్యాకు పోయే లారీల వరసలో చిక్కితే విమానం తప్పుతుంది. పొద్దున అందరూ సామాన్లు దించుకున్నారు. మునిరత్నం గారు మాత్రం ఈజిల్ పట్టుకుని మిట్టెక్కారు. చెంగమ్మ గారు తిట్టుకుంటూ వెనక నడిచారు.

డ్రైవరు గియాతో మాట్లాడుకుని, టైరు అనుమానంగా ఉంది, కాస్త ఆలస్యమవుతుందని అందరికీ ప్రకటించాను. కిరణ్ వెళ్ళి టైర్లన్నీ తన్ని చూసి వచ్చాడు. “సర్, టైర్ ఓకే. కానీ టేక్ యువర్ టైమ్. నేనెవరికీ చెప్పను” అన్నాడు. కాసేపటికి గుంపంతా ఒకరి వెనక ఒకరు మిట్ట మీదికి చేరింది.

మునిరత్నం గారు కొండ ఉండాల్సిన దిక్కుకు ఈజిల్ నిలిపి, భార్యను ఎదుట నిలబెట్టారు. కొండకు వీపు, ఆయనకు మొహం. “అద్దాలు తియ్యి” అన్నారు. ఆవిడ తీశారు. ఆయన వేయడం మొదలుపెట్టారు. మేమంతా ఆయన వీపు వెనక నిలబడ్డాం. గియా గడియారం చూసుకుంటున్నాడు.

అప్పుడు మబ్బు చీలింది. అడుగున నీలం, మీద గులాబి, శిఖరాన కళ్ళు చెదిరే తెలుపు, అచ్చం క్యాలెండరులో ఉన్నట్టు కొండ మొత్తం బయటపడింది. “వచ్చిండాది. కదలొద్దు” అన్నారు మునిరత్నం గారు. బొమ్మ అయ్యేదాకా ఆవిడ కదల్లేదు. తర్వాత తిరిగి, నడుము మీద చేతులు పెట్టుకుని కొండను కింది నుంచి మీది దాకా చూసి, “పోనీలే, నువ్వేసిందే మేలు” అన్నారు. విమానం అందింది.

ఈ ఉదంతం నా వృత్తికి సంబంధించి నేర్పింది రెండు ముక్కలు. టూర్ మేనేజర్ కొండను ఇస్తానని ఎన్నడూ మాట ఇవ్వకూడదు, అది అతని సరుకు కాదు. అతని చేతిలో ఉన్నది కాసేపు బస్సు ఆపడం, అంతే. ఆ తర్వాత నేను చేసిన టూర్లన్నిటిలో ఆఖరి పొద్దున కొంత వ్యవధి ఖాళీగా ఉంచి, ఏమిటని అడిగితే టైర్ల తనిఖీ అని చెప్పేవాణ్ణి.

ఇక పాస్‌పోర్టు మీది నుంచి చెయ్యి తీస్తున్నాను. ఆవు నిజం. నీలం పాలు కూడా వెనక్కి తీసుకోను. మబ్బు చీలడం మాత్రం జరగలేదు.

ఆ కల్పన కూడా నాది కాదు, మునిరత్నం గారిది. ఎదుట ఉన్నదంతా బూడిదరంగు. ఆయన దాని వైపు ఒకసారి చూసి, మామూలు గొంతుతో, “వచ్చిండాది. కదలొద్దు” అన్నారు. అని, తెరల మీద ఇన్నేళ్ళు వేసిన కొండనే వేశారు. వెనక అంతమందిమి ఉన్నాం, ఒక్కరూ నోరు మెదపలేదు. బొమ్మ అయ్యాక చెంగమ్మ గారు వెనక్కి తిరగలేదు. నేరుగా ముందుకొచ్చి, కాగితం మీద కొండ ముందు నిలబడి ఉన్న తనను చాలాసేపు చూసుకున్నారు. “నిజమే, ఉండాది” అన్నారు. అద్దాలు పెట్టుకుని మిట్ట దిగారు.

బస్సులో ఆయన నిద్రపోయాక, ఒక్కసారైనా వెనక్కి చూడాలనిపించలేదా అమ్మా అని అడిగాను.

“ఎందుకనిపీదప్పా” అన్నారు. “మంచు చూస్తే కండ్లు చికిలిస్తాయని నువ్వే చెప్తివి గదా. నేను ఆయప్ప కండ్లే చూస్తా నిలబడినా. చికిలీలా. అందుకే తిరగలా.”