మంగళం పాడని ఆట

పసుపు మార్కెట్ వెనక ఖాళీ జాగాలో ఆట సగంలో ఉండగా పోలీసు జమేదారు పందిట్లోకి వచ్చి మద్దెల లాక్కున్నాడు. తాళం ఆగింది. రాజు వేషం కట్టిన ఆమె ఎత్తిన కాలు మెల్లగా దించి నిలబడింది. ఇంకా ఎండ ఉంది.

అవి అరవయ్యో దశకం మొదటి ఏళ్లు. వేల్పూర్, బాల్కొండ బండ్లు పసుపుతో ఆర్మూర్‌కు వచ్చే నెలల్లో చిందు మేళం ఒకటి వచ్చి యక్షగానాలు ఆడేది. పాటకైనా ఆటకైనా ఠాణా అనుమతి కాగితం ఉండాలి. వాళ్లకు ఉండేది. అది రద్దయింది నా వార్త వల్ల. హైదరాబాద్ దినపత్రిక ఒకదానికి నేను అక్కడి విలేకరిని. ఆటను మెచ్చుకుంటూ, జనం ఎంతగా వచ్చారో చెప్పాలని, బండ్లు కదలడానికి దారి లేకుండా పోయిందని రాశాను. ఠాణా అధికారి ఆ ఒక్క వాక్యమే పట్టుకున్నాడు.

ఆ మేళంలో ఒక కట్టుబాటు ఉంది. ముఖానికి అర్దళం పూసుకున్నాక, మంగళం పాడి ఆట ముగించేదాకా కడుక్కోరు. అర్దళం పసుపుపచ్చని రంగు, చర్మాన్ని మండిస్తుంది. ఆమె ఆ ముఖంతోనే, చెక్క కిరీటం ఒళ్లో పెట్టుకుని ఠాణా మెట్ల మీద కూర్చుంది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి బుగ్గలు పొక్కి ఉన్నాయి.

“మొకం కడుక్కొని పో, రాణీ,” అన్నాడు జమేదారు.

“రాణిని కాదు దొరా, రాజును. ఆట బందు వెట్టిన్రు, మంచిది. మంగళం ఒక్కటి పాడనియ్యిన్రి.”

మద్దెల లేకుండా వాళ్లు మంగళం పాడరు. మద్దెల మోగితే అది ఆటే అవుతుందని జమేదారు వాదన.

లోపలికి వెళ్లి, ఆ వాక్యం నేను అతిగా రాశానని అధికారికి చెప్పాను. అచ్చయిన మాట అబద్ధమెలా అవుతుందని ఆయన మర్యాదగానే అడిగి, చాయ్ తెప్పించాడు. బయటికి వచ్చి, వార్త రాసింది నేనేనని ఆమెతో అన్నాను. ఆమెకు ముందే తెలుసు.

“మంచిగనే రాసినవట సారూ, సదివినోళ్లు చెప్పిన్రు. గట్లనే ఇంకోటి రాయి. మద్దెల ఇయ్యుమను.”

రాశాను. పత్రిక వేయలేదు. మూడో రోజు మేళం అంకాపూర్ దారి పట్టింది. ఆమె ముఖాన రంగు అలాగే ఉంది.

తర్వాత రెండు పసుపు సీజన్ల దాకా మద్దెల ఠాణా బీరువా మీద కనిపించేది. మూడో ఏడు లేదు. వాళ్లకిచ్చారా, పారేశారా అని అడిగితే కొత్త జమేదారుకు తెలియదు. ఆ మేళం మళ్లీ ఆర్మూర్ రాలేదు.